ఏడో సీసా

"మళ్లీ చెప్పండి" అన్నాడు డిటెక్టివ్.

"ఇప్పటికి మూడుసార్లు చెప్పానండీ!"

"నాలుగోసారి చెబితే నోరేం అరిగిపోదు. నిన్న సాయంత్రం మీరు ఏం చూశారు?"

ల్యాబ్ మేనేజర్ జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. రిజర్వాయర్ గట్టు మీద పొద్దుటి గాలి హాయిగానే వీస్తోంది. అంత గాలిలోనూ ఆయనకు చెమటలు పడుతున్నాయంటే కారణం ఎండ కాదు, ఎదురుగా నిలబడ్డ మనిషి. అడిగిందే అడగడం ఆ మనిషికి ఎంత అలవాటంటే, పోలీసులంతా చాటుగా ఆయనకు 'నస' అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆయన చెవిన పడకపోలేదు. పడి సంతోషించాడు కూడా. ఈ నస భరించలేక నిజం కక్కేసిన వాళ్లు చాలామందే ఉన్నారు మరి.

"సాయంత్రం చీకటి పడబోతుంటే కారులో ఇంటికి వెళ్తున్నానండీ. ఆ అమ్మాయి ఒక్కతే నీళ్ల పక్కన కూర్చుని సీసా నింపుతోంది. మొహం అదోలా ఉంది, ఏడ్చినట్టు. మనకెందుకులే అని వెళ్లిపోయాను. ఆగి ఒక్క మాట పలకరించి ఉంటే ఇంత ఘోరం..."

"అంత దూరం నుంచి మొహం కనిపించిందా?"

"మరీ అంత దూరమేం కాదండీ."

"ఎక్కడ కూర్చుంది?"

"అదిగో, ఆ పాత పంప్‌హౌస్ పక్కన. అది ఆమె ఏడో పాయింట్ కదా. నెలనెలా అక్కడి నీళ్ల సీసా మా ల్యాబ్‌కే వస్తుంది. మాకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

"ఏడో పాయింట్" అన్నాడు డిటెక్టివ్. "బాగా గుర్తుంది కదా? ఆరోది కాదు కదా?"

"ఏడోదేనండీ బాబూ!"

పంప్‌హౌస్ దగ్గర గజ ఈతగాళ్లు మునిగి తేలుతున్నారు. గట్టు మీద ఒక జత బూట్లు, చేతిసంచి, శాంపిల్ సీసాల ఐస్‌బాక్స్ వరసగా ఉన్నాయి. తెల్లవారాక కాపలావాడు వాటిని చూసి పోలీసులకు చెప్పాడు. ఎమ్మెస్సీ చివరి సంవత్సరం అమ్మాయి. చదివేది పర్యావరణ మార్పులు, వాటి మీద నిఘా, వాటి నిర్వహణ. ఊరంతా తాగే ఈ నీళ్లు నెలనెలా ఎలా మారుతున్నాయో కనిపెట్టడమే ఆమె ప్రాజెక్టు. నిన్న పొద్దున బాక్సు పుచ్చుకుని ఇంట్లోంచి బయలుదేరింది. మళ్లీ గడప తొక్కలేదు.

"సాక్షిని వదిలేయండి డిటెక్టివ్ గారూ" అంటూ వచ్చాడు ఇన్‌స్పెక్టర్. మేనేజర్‌ని కారు దాకా సాగనంపి, వెనక్కొచ్చి గొంతు తగ్గించాడు. "చూడు బావా. అక్క మొగుడివి కదా అని గట్టు మీదికి రానిచ్చాను. నా సాక్షి తల తినడానికి కాదు."

డిటెక్టివ్‌కు స్వయానా బావమరిది ఈ ఇన్‌స్పెక్టర్. ఇంట్లో ఒకే కంచం, ఒకే మంచం అన్నట్టుంటారు. కేసు దగ్గరికొస్తే మాత్రం ఇద్దరూ ఉప్పూ నిప్పూ.

"నీ సాక్షి అబద్ధం చెబుతున్నాడు" అన్నాడు డిటెక్టివ్.

"ఎలా తెలుసు?"

"ఇంకా తెలీదు. కానీ నాలుగుసార్లూ ఒక్క అక్షరం తేడా లేకుండా చెప్పాడు. చూసినవాడు చెబితే ఒకసారి ఒకటి ఎక్కువొస్తుంది, ఇంకోసారి ఒకటి తక్కువొస్తుంది. బట్టీ పట్టినవాడికే అంత శుద్ధంగా వస్తుంది."

"అబ్బో! నిజం చెప్పినా తప్పేనన్నమాట." ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "ప్రేమో, పరీక్షలో, ఏదో బెంగ. దూకేసింది. సాయంత్రానికల్లా తేలిపోతుంది."

"దూకకపోతే? ప్రాణాలతో ఇంకెక్కడో ఉంటే? నీ మనుషులందర్నీ నీళ్లలో దింపేశావు. బయట వెతికేవాడు ఒక్కడన్నా ఉన్నాడా?"

"సాయంత్రం దాకా నీళ్లలోనే వెతుకుతాం. ఆ తర్వాత ఫైలు మూసేస్తాం. నీ పప్పులు నా దగ్గర ఉడకవు బావా."

ఆ మాట వెనకనున్న మనిషి చెవిన పడింది. అమ్మాయి అక్క. ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగీ దిగకముందే కబురు తెలిసి, తెల్లకోటు విప్పడం కూడా మరిచి పరుగున వచ్చింది. డిటెక్టివ్‌ని పిలిపించింది ఆమే. ఏడవడం లేదు. ఏడిస్తే చెల్లి పోయిందని ఒప్పుకున్నట్టవుతుందని భయం.

"నా చెల్లి ఈ నీళ్లలో దూకదు సార్" అంది. "ఇందులో ఏమేం కలుస్తోందో దానికి తెలుసు. కాలు తడిసినా ఇంటికొచ్చి సబ్బుతో అరగంట రుద్దుకుంటుంది. చావాలనుకున్నా ఇంకో చోటు చూసుకుంటుంది గానీ ఇందులో దూకదు."

ఇన్‌స్పెక్టర్ ఈతగాళ్ల వైపు వెళ్లిపోయాడు. డిటెక్టివ్ మాత్రం ఐస్‌బాక్స్ ముందు గొంతుక్కూర్చున్నాడు.

మూత తెరిచాడు. లోపల ఏడు సీసాలు, ఏడూ నిండుగా ఉన్నాయి. ఒకటి నుంచి ఏడు దాకా అంకెలున్న చీటీలు అంటించి ఉన్నాయి. వాటి మధ్య నాలుగు ఐస్ ప్యాక్‌లు. వేలితో నొక్కి చూశాడు. రాయిలా ఉంది. ఇంకోటి నొక్కాడు. అదీ అంతే.

"ఇన్‌స్పెక్టర్ గారూ! ఒకసారి ఇలా వచ్చి ఇందులో చెయ్యి పెట్టండి."

ఇన్‌స్పెక్టర్ విసుక్కుంటూ వచ్చి చెయ్యి పెట్టాడు. "చల్లగా ఉంది."

"అవును కదా?"

"ఐస్‌బాక్స్ చల్లగా కాక కాలిపోతుందా? ఏంటి బావా నీ గోల!"

"నిన్న పొద్దున ఫ్రిజ్‌లోంచి తీసిన ఐస్. పగలంతా ఎండలో తిరిగింది. రాత్రంతా గట్టు మీద ఉంది. ఇవాళ పొద్దెక్కాక కూడా ఇంకా గడ్డగానే ఉందా?"

"మంచి కంపెనీ బాక్స్ అయ్యుంటుంది."

నర్సు ముందుకు వంగింది. ఐస్ ప్యాక్‌లను చూసి కనుబొమలు ముడిచింది. "ఇవి మావి కావు సార్."

"మళ్లీ చెప్పమ్మా."

"మావి నీలంరంగువి. మా ఫ్రిజ్‌లో పైఅర మొత్తం అవే. వాటివల్ల పాలప్యాకెట్ పెట్టుకోవడానికి చోటుండదని నేను రోజూ దానితో గొడవపడతాను. నిన్న పొద్దున కూడా పడ్డాను." ఆమె ఒక ప్యాక్ పైకి తీసి చూపించింది. "ఇవి తెల్లవి. మా ఇంట్లో తెల్లవి ఒక్కటి కూడా లేవు."

డిటెక్టివ్ బావమరిది మొహంలోకి చూశాడు. ఇన్‌స్పెక్టర్ ఒక్క క్షణం తడబడ్డాడు. అంతలోనే సర్దుకున్నాడు.

"ఎవరో స్నేహితురాలి దగ్గర తీసుకునుంటుంది. ఐస్ ముక్కల కోసం నేను ఈతగాళ్లని పైకి పిలవను." అనేసి వెళ్లిపోయాడు.

డిటెక్టివ్‌కు ఒళ్లు మండింది. ఈ బాక్సు రాత్రంతా గట్టు మీద లేదు. తెల్లవారుజామున ఎవరో తెచ్చిపెట్టారు. ఐస్ మార్చి మరీ తెచ్చారు. చచ్చిన మనిషి సామాను సర్దుతూ ఐస్ మార్చాలని ఎవడికి తోస్తుంది? ఎంత ఆలోచించినా అది ఆయన బుర్రకెక్కలేదు.

* * *

కాలేజీలో అమ్మాయి ప్రాజెక్టు గైడు గది నిండా మట్టి గొట్టాలే. చెరువుల అడుగునుంచి తీసిన బురదను పొడవాటి గాజుగొట్టాల్లో నిలువుగా పేర్చి పెట్టారు. నల్లటి పొర మీద ఎర్రటిది, దాని మీద మళ్లీ బూడిదరంగుది. గైడుకు అరవై దగ్గరపడుతుంటాయి. నెమ్మదైన మనిషి. నర్సును చూడగానే లేచి వచ్చి కుర్చీ లాగి, తనే మంచినీళ్లు ఇచ్చాడు.

"నా కూతురులాంటిదమ్మా" అన్నాడు. "నిన్న మధ్యాహ్నం రావాల్సింది. రాలేదు. వస్తుందిలే అనుకున్నాను."

"నిన్న అసలు చూడలేదా మీరు?" డిటెక్టివ్ అడిగాడు.

"లేదండీ."

"అస్సలు?"

"అస్సలు లేదు." కోపం తెచ్చుకోకుండా చిరునవ్వు నవ్వాడు. "మీ గురించి విన్నాను. అడిగిందే అడుగుతారట. మా పనీ అదేనండీ. మార్పును పట్టుకోవాలంటే ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లాలి, అదే నీటిని మళ్లీ మళ్లీ ముంచాలి. ఒక్కసారి చూసి చెప్పేవాడు జాతకం చెప్పేవాడవుతాడు గానీ శాస్త్రవేత్త కాడు."

డిటెక్టివ్‌కు మనిషి నచ్చేశాడు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో తన పద్ధతిని మెచ్చుకున్నవాడు ఇతనొక్కడే. ఇంట్లో భార్య కూడా మెచ్చుకోలేదు.

"అమ్మాయి ఎన్నిచోట్ల నీళ్లు ముంచుతుంది?"

"ఆరు."

డిటెక్టివ్ ముక్కు మీద కళ్లజోడు సర్దుకున్నాడు. గట్టు మీద విన్నది బయటపెట్టలేదు. "బాక్సులో సీసాలు ఏడున్నాయే?"

ఆ ప్రశ్నకు గైడు మొహం వెలిగిపోయింది. పాఠం చెప్పే అవకాశం దొరికితే కొందరు తిండీతిప్పలూ మరిచిపోతారు, అలాంటి బాపతు. "అదే మా కిటుకు! ల్యాబ్ వాళ్లు సరిగ్గా పరీక్ష చేస్తున్నారో లేదో మనకెలా తెలుస్తుంది? అందుకని మూడో పాయింట్ దగ్గర రెండు సీసాలు నింపుతాం. ఒకదాని మీద మూడు అని రాస్తాం, రెండోదాని మీద ఏడు అని రాస్తాం. ఏడో పాయింట్ అంటూ ఈ భూమ్మీదే లేదు. ల్యాబ్ వాళ్లకేమో అది ఇంకో చోటి నీరు అనిపిస్తుంది. రెండు సీసాల అంకెలూ కలిస్తే ల్యాబ్ నిజాయితీగా ఉన్నట్టు. కలవకపోతే వాళ్ల గుట్టు బయటపడ్డట్టే. ఆ పిల్లకి నేనే నేర్పాను."

"కలిశాయా?"

"అచ్చుగుద్దినట్టు. ప్రతి నెలా."

"ఈ కిటుకు ఇంకెవరికి తెలుసు?"

"నాకూ, ఆ పిల్లకీ. ల్యాబ్‌కి తెలిస్తే ఇక కిటుకేముంది?"

డిటెక్టివ్‌కు మేనేజర్ మాట గుర్తొచ్చింది. లేని చోట కూర్చుని సీసా నింపిందట! ఏడ్చిన మొహంతో! ఇంతసేపూ బావమరిది పంప్‌హౌస్ దగ్గర నీళ్లు కెలికిస్తున్నది ఆ మాట నమ్మేనా?

వెంటనే లేచాడు. నర్సు కూడా లేవబోయింది గానీ కళ్లు తిరిగి మళ్లీ కూలబడింది. రాత్రి డ్యూటీ, ఆపైన ఈ పొద్దంతా పచ్చి మంచినీళ్లే.

"ఆవిణ్ని నేను చూసుకుంటాను, మీరు వెళ్లిరండి" అన్నాడు గైడు. "కాస్త తేరుకున్నాక నా కారులో ఇంటి దగ్గర దింపుతాను."

"మీకు పుణ్యముంటుంది" అని డిటెక్టివ్ పరుగులాంటి నడకతో బయటపడ్డాడు.

* * *

ల్యాబ్ గేటు ముందు బావ, బావమరిది మళ్లీ తగులుకున్నారు.

"ఫోన్ చేసి నానా మాటలూ అన్నావు కాబట్టి వచ్చాను" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నీ మాట తప్పయితే?"

"నా లైసెన్స్ తెచ్చి నీ టేబుల్ మీద పెడతాను."

"ఒట్టు?"

"మీ అక్క మీద ఒట్టు."

"అక్క మీద వద్దులే, నీ మీద నువ్వు వేసుకో." ఇన్‌స్పెక్టర్ గేటు తోశాడు.

ల్యాబ్ లోపల తెల్లటి గోడలు, గాజు సామాను, ఒక మూల పెద్ద ఫ్రీజర్. డిటెక్టివ్ ఎవర్నీ అడక్కుండా నేరుగా వెళ్లి ఫ్రీజర్ మూత ఎత్తాడు. తెల్లటి ఐస్ ప్యాక్‌లు దొంతరలు దొంతరలుగా ఉన్నాయి. ఒకటి తీసి బావమరిది చేతిలో పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇప్పుడు మాత్రం జోకు వేయలేదు.

మేనేజర్ లోపలి గదిలోంచి వచ్చి ఇద్దర్నీ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"కూర్చోండి" అన్నాడు డిటెక్టివ్. "అయిదోసారి చెప్పాలి."

"ఏం చెప్పాలండీ?"

"ఏడో పాయింట్. ఆ పిల్ల ఏడో పాయింట్ దగ్గర కూర్చుంది. అంతేనా?"

"అంతేనండీ."

"ఏడో పాయింట్ లేదు."

మేనేజర్ నోరెళ్లబెట్టాడు. "లేకపోవడమేంటండీ? నెలనెలా సీసా వస్తోందిగా! చీటీ అంటించి, అంకె వేసి... నేనే స్వయంగా..."

"మూడో పాయింట్ నీళ్లే ఏడో సీసాలో పోస్తారు, మిమ్మల్ని పరీక్షించడానికి. పంప్‌హౌస్ దగ్గర ఆ పిల్ల ఎప్పుడూ ఒక్క సీసా కూడా నింపలేదు. పాయింట్ ఎక్కడో మీకు తెలీదు. మీ సొంత తెలివితో పంప్‌హౌస్ దగ్గర పెట్టారు."

"పట్టేశావు బావా!" అని ఇన్‌స్పెక్టర్ బేడీలు తీశాడు. "అమ్మాయి ఎక్కడ? మాట్లాడు!"

"ఆగు" అన్నాడు డిటెక్టివ్.

ఆయన చూపు మేనేజర్ మొహం మీదే ఉంది. ఆ మొహంలో భయం ఉంది, దానికంటే ఎక్కువగా ఆశ్చర్యం ఉంది. నటన కాదు. ఇంతమందిని చూసిన కళ్లకు ఆ తేడా తెలుసు. ఏడో సీసా కిటుకు ఈ మనిషికి ఇప్పుడే, ఈ గదిలోనే, మొదటిసారి తెలిసింది. ఎక్కడో లెక్క తప్పుతోంది.

"పోయిన నెల రిపోర్టు చూపించండి. మూడు, ఏడు మాత్రమే చాలు."

మేనేజర్ కంప్యూటర్ తెరిచాడు. డిటెక్టివ్ కళ్లజోడు పైకి లాక్కుని చూశాడు. సీసం అనే విషలోహం, మూడో సీసాలో అతి తక్కువ. ఏడో సీసాలో దానికి నాలుగింతలు. అంతకుముందు నెల అటుది ఇటూ, ఇటుది అటూ. ఒకే నీళ్లు, ఒకే రోజు ముంచినవి.

"పరీక్ష చేయలేదు కదూ?" నెమ్మదిగా అడిగాడు.

ఇన్‌స్పెక్టర్ బేడీలు గలగలలాడించాడు.

"మిషన్ పాడై చాలా కాలమైందండీ" అన్నాడు మేనేజర్ ఏడుపు గొంతుతో. "పాత అంకెలనే తోచినట్టు అటూ ఇటూ మార్చి వేసేస్తున్నాం. ఆ సంగతి గైడు గారికి మొదట్నుంచీ తెలుసు! రిజర్వాయర్ నీళ్లు శుభ్రంగా ఉన్నాయని ఏటా సంతకం పెట్టేది ఆయనే కదండీ. నీటి నిఘా కమిటీకి వచ్చే వారం నుంచి ఆయనే చైర్మన్. మాకు పని ఇచ్చేదీ ఆయనే."

డిటెక్టివ్ తెర మీది ఆ రెండు అంకెల్నీ మళ్లీ చూశాడు. అచ్చుగుద్దినట్టు కలిశాయి, ప్రతి నెలా అన్నాడే! ఆ పెద్దమనిషి అంత నిబ్బరంగా, చిరునవ్వుతో!

"బావా, ఏమైంది?" ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"విను. ఆ పిల్ల ఈ మోసం పట్టుకుంది. పట్టుకుని ఇక్కడికొచ్చి ఇతన్ని నిలదీసి ఉంటే, కిటుకు ఇతనికి నిన్ననే తెలిసిపోయి ఉండేది. తెలిసినవాడు 'ఏడో పాయింట్' అనే మాట చచ్చినా నోట రానిస్తాడా? రానిచ్చాడంటే ఇతనికి తెలీదు. అంటే ఆ పిల్ల ఇక్కడికి రాలేదు. ఇంకొకరి దగ్గరికి వెళ్లింది. తను గురువు అనుకున్న మనిషి దగ్గరికి."

ఇన్‌స్పెక్టర్ బేడీలు నెమ్మదిగా కిందికి దించాడు.

"నిన్న సాయంత్రం ఆ బాక్సు మీ దగ్గరికి ఎవరు తెచ్చారు?" డిటెక్టివ్ మేనేజర్ భుజం పట్టుకుని కుదిపాడు.

"గైడు గారేనండీ! పిల్లకి ఒంట్లో బాగాలేదు, సీసాలు చల్లగదిలో పెట్టమన్నారు. తెల్లవారకముందే ఫోన్ చేశారు. పిల్ల రిజర్వాయర్‌లో దూకేసింది, తన సామాను గట్టు మీద వదిలేసింది, బాక్సు మీ ల్యాబ్‌లో దొరికితే మీ మెడకే చుట్టుకుంటుంది, తీసుకెళ్లి దాని పక్కన పెట్టేయమన్నారు. వెళ్లి చూస్తే బూట్లు, సంచి నిజంగానే ఉన్నాయి. నమ్మేశానండీ. సాయంత్రం పిల్లను అక్కడ చూశానని చెప్పమన్నదీ ఆయనే. పాయింట్ నంబరు మాత్రం నేనే కలిపాను. చెబితే నమ్మకంగా ఉంటుందని..."

"ఐస్ ఎందుకు మార్చావయ్యా?" ఇన్‌స్పెక్టర్ ఉండబట్టలేక అడిగాడు.

మేనేజర్ బిక్కమొహం వేశాడు. "బాక్సు బయటికి వెళ్తోందంటే కొత్త ఐస్ పెట్టే పంపిస్తామండీ. పాతవి మెత్తబడిపోయాయి. చెయ్యి దానంతటదే ఫ్రీజర్‌లోకి వెళ్లింది. పదిహేనేళ్ల అలవాటు."

ఇంకో రోజైతే బావ, బావమరిది పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. ఇప్పుడు ఇద్దరికీ నవ్వు రాలేదు.

"ఆఖరి ప్రశ్న" అన్నాడు డిటెక్టివ్. "ఇవాళ గైడుతో మాట్లాడారా?"

"మాట్లాడానండీ. మీరు వస్తున్నారని ఇన్‌స్పెక్టర్ గారు ఫోన్ చేశారు కదా, భయమేసి ఆయనకు చేశాను. గట్టు మీద మీరు అడిగినవన్నీ చెప్పాను. ఏడో పాయింట్ అన్నానని కూడా చెప్పాను. ఏడో పాయింటేనా అని ఆయన రెండుసార్లు అడిగారు. తర్వాత సరే అని పెట్టేశారు."

డిటెక్టివ్‌కు ఒక్కసారిగా తట్టింది. నర్సు! మాట తీరుకు పడిపోయి, తన చేతులారా ఆమెను ఆ మనిషి దగ్గర వదిలేసి వచ్చాడు. పైగా పుణ్యముంటుందని ఆశీర్వదించి మరీ వచ్చాడు! జేబులు తడుముకుని ఫోన్ తీసి ఆమె నంబరు నొక్కాడు. ఒకసారి మోగి ఆగిపోయింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ.

మూడోసారికి ఎత్తింది. ఆయాసపడుతోంది, గొంతు నిండా సంతోషం.

"సార్! మీకే చేద్దామనుకుంటున్నాను. చెల్లి దొరికింది సార్! బతికే ఉంది! గైడు గారికి ఎవరో ఫోన్ చేసి చెప్పారట, ఆయనే కారులో తీసుకొచ్చారు. ఇదిగో, నా ఒళ్లోనే తల పెట్టుకుంది!"

"అమ్మా, జాగ్రత్తగా విను. ఎక్కడున్నారు మీరు?"

"ఏదో పాత స్టోర్ రూమ్ సార్, దారి నాకు తెలీలేదు. మట్టి గొట్టాలు చాలా ఉన్నాయి. చెల్లీ, ఇటు చూడవే, అక్కనే..." మాట సగంలో ఆగింది. మళ్లీ మాట్లాడినప్పుడు అది అక్క గొంతు కాదు, వార్డులో నర్సు గొంతు. "సార్, దీనికి మత్తు ఇచ్చారు. కంటిపాప చిన్నదైపోయింది. నాడి బాగా నెమ్మదిగా ఉంది. మోచేతి మడతలో సూది గుర్తుంది. ఇది ఎవరు..."

"బయటికి రా. చెల్లిని ఈడ్చుకునైనా సరే, వెంటనే బయటికి రా!"

"గైడు గారూ" అంటోంది ఆమె, ఫోన్‌కు దూరంగా. "తలుపు ఎందుకు వేస్తున్నారు? గైడు గారూ!"

పెనుగులాడిన చప్పుడు. ఏదో గాజు పగిలింది. ఆ తర్వాత నిదానమైన, పాఠం చెప్పే గొంతు వినిపించింది.

"డిటెక్టివ్ గారూ, పక్కన మీ బావమరిది ఉంటే ఆయన్నీ విననివ్వండి."

డిటెక్టివ్ ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు.

"ఆ పిల్లను ఎంతో బతిమాలాను. నాలుగేళ్ల సంతకాలు నావి. ఒక్క వారం ఆగమన్నాను. వినలేదు. నేను నేర్పిన పాఠమే నాకు అప్పజెప్పింది. చంపాలని నాకెప్పుడూ లేదు, ఇప్పటికీ లేదు. ఊరు దాటడానికి నాకు సాయంత్రం దాకా టైమివ్వండి. రోడ్ల మీద ఒక్క పోలీసు జీపు కనిపించినా, నాకు ఇంకో దారి లేకుండా చేసినవాళ్లు మీరే అవుతారు."

"వాళ్లిద్దరికీ ఏమన్నా అయితే..." ఇన్‌స్పెక్టర్ గొంతు చించుకున్నాడు.

"అరవకండి ఇన్‌స్పెక్టర్ గారూ. పొద్దుట్నుంచీ రిజర్వాయర్‌లో వెతికిస్తున్నారుగా, ఆ పనే కొనసాగించండి. మాట తప్పారంటే మీరు వెతుకుతున్నది అందులో నిజంగానే దొరుకుతుంది. ఒకటి కాదు, రెండు."

ఫోన్ ఆగిపోయింది.

మేనేజర్ మూలన కూలబడి వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అక్క పెళ్లినాటి నుంచి ఈ రోజు దాకా ఏ కేసులోనూ బావను సలహా అడిగి ఎరగడు.

"ఇప్పుడేం చేద్దాం బావా?" అన్నాడు.